తుంగ మీద కోర్టు

2వ తేదీ, ఆదివారం

ఉదయం 6:10. కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త మనిషిని!

తీర్మానం: పెరట్లో బ్యాడ్మింటన్ కోర్టు. నలభై నాలుగడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. పూర్తిగా నా చేతులతో. పదహారో తేదీ సాయంత్రానికి పిట్ట అందులో ఆడాలి.

పిట్ట అంటే మా అమ్మాయి. పదిహేనేళ్ళు. అది ఆడే హాలుకి పైకప్పు మరమ్మతులట, నెలన్నర దాకా తెరవరు. ఇరవై తొమ్మిదిన సెలక్షన్స్. వాళ్ళ కోచ్ ఊరి అవతల ఇంకో హాల్లో పొద్దున ఐదున్నరకి దీనికి చోటు అడిగిపెట్టాడు. "రోజూ దింపితే చాలు నాన్నా, వచ్చేటప్పుడు బస్సెక్కి వచ్చేస్తా" అంది.

రోజూ! నాలుగున్నరకి లేచి! కన్నతండ్రిని నేనుండగా పరాయి హాళ్ళ చుట్టూ తిరగడం దేనికి? "నీకు సొంత కోర్టే వేసిస్తా పో" అన్నాను. దాని మొహం వెలిగిపోయింది. అప్పటికప్పుడు కోచ్‌కి ఫోన్ చేసి ఆ చోటు వద్దని చెప్పేసింది.

మా ఆవిడ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఇంట్లో కూడా సూది పక్కన పెట్టదు. "స్నానాలగదిలో కుళాయి మూడు నెలల్నించి కారుతోంది. ముందు అది చూడకూడదా?" అంది. చిన్నచూపు!

మామయ్యగారు పేపరు దించి నా వైపు చూసి, మళ్ళీ పేపరు ఎత్తారు. ముప్పై ఏళ్ళు రోడ్లు వేయించిన మనిషి. రిటైరయ్యాక మాతోనే ఉంటున్నారు. ఇంటికి ఎవరొచ్చినా నా గురించి ఒకే ఒక్క ముక్క చెప్తారు: "మా అల్లుడు బాగా మాట్లాడతాడు." పెళ్ళైన కొత్తలో అది పొగడ్త అనుకునేవాణ్ణి.

ఈసారి ఆయన నోరు మూయిస్తాను.

3వ తేదీ, సోమవారం

సాయంత్రం 6:30. సామాను తెచ్చేశాను!

— పార, గడ్డపార, తోపుడు బండి
— చేతి తొడుగులు, మోకాలి దాకా బూట్లు, అంచున్న టోపీ
— కలుపు మొలవకుండా పరిచే నల్ల షీటు, మూడు చుట్టలు
— షీటు బిగించే ఇనప మేకులు, పెట్టెడు

బూట్లు, టోపీ వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. నిజంగానే పనిచేసేవాడిలా ఉన్నాను. పిట్ట ఫోటో తీసింది. "నాన్నా, పార తిరగేసి పట్టుకున్నావు" అంది. రెండో ఫోటో బాగా వచ్చింది.

రేపు 5:30కి తవ్వకం.

4వ తేదీ, మంగళవారం

ఉదయం 6:45. తవ్వకం మొదలు. (అలారం మోగింది. నా తప్పు లేదు. నేనే ఆపాను గానీ నిద్రలో ఆపాను.)

7:05. మూడడుగుల చదరం పూర్తి! గడ్డి పైకి లాగితే జుట్టులా ఊడొస్తోంది. ఇంత తేలికా!

7:10. మామయ్యగారు టీ గ్లాసుతో వచ్చారు. నేను తవ్విన మట్టిలో వేలు పెట్టి కెలికి, శనగగింజంత నల్లటి గడ్డ ఒకటి తీసి చూపించారు.

"ఇది తుంగ, అల్లుడూ. పైన నువ్వు పీకింది ఆకు. మనిషి ఇక్కడున్నాడు. దారానికి పూసలు గుచ్చినట్టు కింద ఇలాంటివి బారులు తీరి ఉంటాయి. ముక్కాలడుగు తవ్వి, గడ్డలన్నీ ఏరి, అప్పుడు దిమ్మిస కొట్టి నేల గట్టిచెయ్యి."

"చూస్తానండీ" అన్నాను.

7:25. కుడి అరచేతిలో బొబ్బ. 7:30కి రెండోది. ఆఫీసు టైమైంది.

5వ తేదీ, బుధవారం

విశ్రాంతి. బొబ్బలతో పార పట్టకూడదు. ఖాళీగా మాత్రం లేను. కంప్యూటర్లో పనుల పట్టిక వేశాను. అయిన పనికి ఆకుపచ్చ, అవుతున్నదానికి పసుపు, మిగిలినదానికి ఎరుపు. మొత్తం ఎర్రగా ఉంటే చూడ్డానికి బాగాలేదని ఎరుపుని లేత గులాబీ చేశాను.

7వ తేదీ, శుక్రవారం

సాయంత్రం 5:50. దొరికింది! అసలు తవ్వనక్కర్లేదు!!

ఫోన్లో ఒకాయన వీడియో. గడ్డి మీదే నల్లషీటు పరిచేస్తే, వెలుతురు తగలక గడ్డి దానంతటదే చచ్చిపోతుందట. ఇంత చిన్న సంగతి తెలియక జనం వందల ఏళ్ళుగా నడుములు విరగ్గొట్టుకుంటున్నారు.

మామయ్యగారికి చూపించాను. చివరిదాకా చూశారు. "ఈయనది ఏ గడ్డి?" అని అడిగారు.

"గడ్డి గడ్డేనండీ."

"తుంగ సూదిలా వస్తుంది. గుడ్డని పొడుస్తుంది. మట్టి కూడా మెత్తగా ఉంది, ఒక పక్కకి వాలు ఇవ్వాలి, లేకపోతే నీళ్ళు నిలబడతాయి. కావాలంటే నేనొచ్చి వాలు కొలిచి దారం కట్టిస్తా."

"మీరు రెస్టు తీసుకోండి మామయ్యగారూ" అన్నాను. మర్యాదగానే అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని లోపలికి వెళ్ళారు.

పట్టికలో "తవ్వకం" గడిని ఆకుపచ్చ చేశాను. చెయ్యనక్కర్లేని పని అయిపోయిన పనే కదా.

9వ తేదీ, ఆదివారం

ఉదయం 7:00. షీటు పరిచే రోజు. కుటుంబం మొత్తం పెరట్లో!

7:20. గాలి. మొదటి చుట్ట విప్పగానే షీటు లేచి మా ఆవిడ మీద పడింది. లోపలినుంచి ఏదో అంది. వినబడలేదు. అదే మంచిదైంది.

8:40. షీటుకీ షీటుకీ మధ్య అతుకు మూరెడుండాలని మామయ్యగారు కిటికీలోంచి అన్నారు. మూరెడిస్తే మూడు చుట్టలు సరిపోవు. నాలుగు వేళ్ళిచ్చాను. వేళ్ళు నావి, లావుగానే ఉంటాయి.

10:15. అయిపోయింది!!! పెరడంతా నల్లగా, నున్నగా, కొత్త రోడ్డులా! పిట్ట చెప్పులు విప్పి ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తింది. "నాన్నా, ఇంకా వారమేనా?" అంది. "వారం ఎక్కువ" అన్నాను.

ఆఫీసు గ్రూపులో ఫోటో పెట్టాను. నలభై ఒక్క చప్పట్లు.

10వ తేదీ, సోమవారం

నేను చేసేది ఇన్సూరెన్సు ఆఫీసులో, శిక్షణ విభాగం. కొత్తగా చేరినవాళ్ళకి "మొదలుపెట్టిన పని ముగించడం ఎలా" అని రెండు రోజుల క్లాసు చెప్తాను. పన్నెండేళ్ళుగా చెప్తున్నాను. ఇవాళ మొదటిసారి సొంత ఉదాహరణ దొరికింది! షీటు ఫోటో తెరమీద వేసి చూపించాను. ఒకమ్మాయి రాసుకుంది కూడా.

ఇంటికొచ్చేసరికి అలసట. చెప్పడం కూడా పనే.

13వ తేదీ, గురువారం

మధ్యాహ్నం 12:40. మా ఆవిడ ఫోను. "కంకర లారీ వచ్చింది. పెరట్లోకి దారి పట్టదట. గేటు ముందు పోసి వెళ్ళిపోయాడు."

"పర్లేదులే, సాయంత్రం ఎత్తేద్దాం."

"నేను రెండింటికి డ్యూటీకెళ్ళాలి. గేటు తెరుచుకోవట్లేదు."

సాయంత్రం 6:00. గుట్ట నా ఛాతీ ఎత్తుంది. మా ఆవిడ చీర ఎత్తిపట్టుకుని, గోడెక్కి దూకి డ్యూటీకెళ్ళిందట. ఎదురింటి ఆవిడ స్టూలు వేసిందట. ఇవన్నీ నాకు ఎదురింటి ఆవిడే చెప్పింది, వివరంగా.

తోపుడు బండితో ఆరు సార్లు తిప్పాను. ఏడోసారి చక్రం వంకరపోయింది. నాసిరకం వస్తువు.

15వ తేదీ, శనివారం

మెడ పట్టేసింది. పడుకుని పర్యవేక్షిస్తున్నాను.

ఉదయం 9:00. గరగర చప్పుడు. కిటికీలోంచి చూస్తే మా ఆవిడా పిట్టా బేసిన్లతో కంకర మోస్తున్నారు. "స్కూటర్ బయటికి తియ్యాలి" అంది మా ఆవిడ. అంతకుమించి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

11:30. నూట ఇరవై బేసిన్లు. పిట్ట లెక్కపెట్టింది. కంకర పల్చగా పరవమని పడకమీంచే సూచనలిచ్చాను. చేశారు. మంచి టీమ్.

16వ తేదీ, ఆదివారం

గడువు రోజు.

పదహారు అన్నాను. నిజమే. అప్పుడు మెడనొప్పిని లెక్కలోకి తీసుకోలేదు.

సాయంత్రం 5:00. పిట్ట గోడకేసి షటిల్ కొడుతోంది. టక్. టక్. టక్. గంటసేపు. నేను టీవీ సౌండు పెంచుకున్నాను.

18వ తేదీ, మంగళవారం

ఉదయం 7:00. కంకర సందుల్లో ఏదో పచ్చగా కనిపించింది. వంగి చూశాను. సూది. పచ్చటి సూది. షీటుని నిట్టనిలువునా పొడుచుకుని వచ్చింది! పక్కన ఇంకోటి. అతుకు వెంబడి ఒక వరస!

లెక్క: పద్నాలుగు.

సాయంత్రం 6:00: ముప్పై ఒకటి.

మామయ్యగారు కిటికీ దగ్గరే ఉన్నారు. ఆయన వైపు చూడలేదు.

19వ తేదీ, బుధవారం

కత్తెర తీసుకుని మొత్తం కత్తిరించాను. నలభై నిమిషాలు, మోకాళ్ళ మీద. పైకి ఏమీ కనబడట్లేదు. కనబడనిది లేనట్టే.

20వ తేదీ, గురువారం

కంకర మీద పరిచే ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. నీలం రంగు! ఒకదానికొకటి టక్కున బిగించుకుంటాయి. పిల్లల ఆటలా ఉంది. సగం అయిపోయింది.

మామయ్యగారు పెరట్లోకే వచ్చారు ఈసారి. "అల్లుడూ, కంకర మీద రాతిపొడి పొయ్యలేదు. దిమ్మిస కొట్టలేదు. మనిషి దూకితే దిగిపోతుంది."

"చూడండి" అని నేనే పలకల మీద మూడుసార్లు ఎగిరాను. ఎనభై నాలుగు కిలోలు. ఏమీ కాలేదు.

"ఒకే చోట ఎగిరావు" అన్నారాయన.

21వ తేదీ, శుక్రవారం

సాయంత్రం 5:40. అయింది! అయింది! అయింది!!!

నీలం కోర్టు. తెల్ల గీతలు. నెట్టు కట్టాను. ఐదు రోజులు ఆలస్యం, అంతే. పిట్ట నన్ను గట్టిగా పట్టుకుంది. పదో క్లాసుకొచ్చాక అది నన్ను అలా పట్టుకోవడం ఇదే మొదటిసారి. చాలు. ఇంక ఎవరేమన్నా సరే.

6:15. వాన. అరగంట. కోర్టు మధ్యలో నీళ్ళు నిలబడ్డాయి. చీపురుతో తోసేశాను. మళ్ళీ అక్కడికే వచ్చాయి. తెల్లారేసరికి ఇంకిపోతాయి.

22వ తేదీ, శనివారం

ఉదయం 7:30. పిట్ట, దాని జోడీ అమ్మాయి ఆడుతున్నారు. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ కూడా వచ్చి నిలబడింది, చేతిలో టీతో. పిట్ట వెనక్కెళ్ళి ఎగిరి కొడితే అవతలి అమ్మాయికి అందలేదు. "చూశావా!" అన్నాను మా ఆవిడతో. నవ్వింది.

7:50. వెనక మూల. పిట్ట ఎగిరింది. కింద దిగేసరికి పలక ఒక పక్కకి కుంగింది. పాదం లోపలికి మడతపడింది. అది అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉంది.

11:00. ఆసుపత్రి. ఎముక విరగలేదు. చీలమండ దగ్గర నరం సాగిందట. మూడు వారాలు ఆట లేదు.

డాక్టరు "ఎక్కడ ఆడింది?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పిట్ట "పెరట్లో" అంది. ఎవరు కట్టారో చెప్పలేదు.

23వ తేదీ, ఆదివారం

కారణాలు:

— పిట్ట బూట్లు పాతవి.
— ముందురోజు సాయంత్రం వాన. వాన నా చేతిలో లేదు.
— పలకలు చేసినవాళ్ళు మెత్తటి నేల గురించి పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాయాలి. చిన్న అక్షరాల్లో రాశారు.
— అది అంత వెనక్కి వెళ్ళకుండా ఉండాల్సింది.

నాలుగోది రాశాక పెన్ను కింద పెట్టాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నేను ఏం రాయగలనో నాకే కనబడాలి.

24వ తేదీ, సోమవారం

సాయంత్రం 7:00. మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పక్కన కూర్చుని బూట్ల సంగతి ఎత్తాను.

"ఏమండీ, ఒక్క మాట అడుగుతాను. దానికి కావాల్సింది కోర్టా, మీ బండి మీద వెనక సీటా?"

"సొంత కోర్టుంటే..."

"అది నోరు తెరిచి అడిగింది. రోజూ పొద్దున దింపమంది. ఇరవై ఏడు రోజులు. అది మీకు చిన్నపనిలా కనిపించింది. చిన్నపని చేస్తే ఎవరూ ఫోటో తియ్యరు."

"ఇప్పుడు కోచ్‌ని మళ్ళీ అడిగితే..."

"ఆ చోటు మూడో తేదీనే వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. అయినా ఏ కాలితో ఆడుతుంది?"

మా ఆవిడ పిట్ట గౌను మడతపెట్టి గుట్టమీద పెట్టింది. నా చొక్కా మడతపెట్టకుండా నా ఒళ్ళో పడేసి లేచింది.

26వ తేదీ, బుధవారం

ఆఫీసు. అదే బ్యాచికి రెండో రోజు క్లాసు. అప్పుడు రాసుకున్న అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, మీ కోర్టులో ఆట మొదలైందా?"

"ప్రాజెక్టు రెండో దశలో ఉంది" అన్నాను.

అదీ రాసుకుంది. తర్వాతి పేజీ తెరమీద ఉంది: "బాధ్యత తీసుకోండి." నేనే తయారుచేసిన పేజీ. పక్కన చెయ్యెత్తిన మనిషి బొమ్మ. పావుగంట ముందే టీకి వదిలేశాను.

27వ తేదీ, గురువారం

పట్టిక తీసేశాను. మొత్తం.

పెరటి తలుపు గడియ వేసి ఉంచుతున్నాను. కిటికీకి కర్టెన్ లాగాను. మా ఆవిడ మళ్ళీ తెరిచింది. నేను మళ్ళీ లాగాను. ఇంతే ఇవాళ.

28వ తేదీ, శుక్రవారం

ఉదయం 6:20. పెరట్లో చప్పుడు. మామయ్యగారు వెనక మూలలో గొంతుక్కూర్చుని పలకలు ఒక్కొక్కటే విప్పుతున్నారు. డెబ్భై మూడేళ్ళ మనిషి. నేను పరిగెత్తాను. "మీరెందుకండీ..."

"పిల్ల ఎక్కడ పడిందో చూద్దామని."

కంకర పక్కకి తోశారు. షీటు ఎత్తారు. కింద తుంగ, వెలుతురు లేక తెల్లగా, పాలిపోయి, చాపలా అల్లుకుని ఉంది. ఒక్క మొక్క చావలేదు. దాని కింద మట్టి బురదబురదగా ఉంది. ఆయన నొక్కితే వేలు మొత్తం దిగిపోయింది.

తిడతారని నిలబడ్డాను. తిట్టలేదు.

"నేను పనిలో చేరిన రెండో ఏడు" అన్నారు, మట్టి వైపే చూస్తూ, "ఒక వంపు దగ్గర ఇలాగే పైపైన వేయించాను. పైవాళ్ళు వస్తున్నారని తొందర. వానాకాలం కుంగింది. పాలబండి పల్టీ కొట్టింది. డ్రైవరు బతికాడు, ఎడంచెయ్యి పోయింది. అప్పట్నుంచి నేను ఏ రోడ్డునీ పైన చూసి నమ్మలేదు."

మా పెళ్ళైన పదిహేడేళ్ళలో ఆయన నోట ఈ సంగతి వినలేదు. మా ఆవిడకి కూడా తెలియదట.

ఆయన లేవడానికి చెయ్యి చాపారు. పట్టుకుని లేపాను.

29వ తేదీ, శనివారం

సెలక్షన్స్. పిట్ట కాలికి కట్టుతోనే వెళ్ళింది, చూడ్డానికి. దాని జోడీ అమ్మాయి ఇంకొకరితో కలిసి ఆడిందట. గెలిచారట. పిట్ట చప్పట్లు కొట్టిందని మా ఆవిడ చెప్పింది.

సాయంత్రం 4:30. పిట్ట మంచం మీద కాలు చాపుకుని ఉంది. తలుపు దగ్గర నిలబడి, మూడు రకాలుగా మొదలుపెట్టి ఆపి, చివరికి అన్నాను:

"తప్పు నాదే."

"తెలుసు" అంది.

బయటికి రావడానికి తిరిగాను.

"నాన్నా. నాలుగు నెలల్లో మళ్ళీ ఉన్నాయి. ఆ పలకలన్నీ తీసెయ్యి. నేను సుద్దతో గళ్ళు గీస్తా. నాలుగడుగుల గడి. మొత్తం యాభై ఐదు వస్తాయి. ఒక్కో గడి నేను చూసి సరే అంటేనే ఇంకో గడికి వెళ్ళాలి. ఫోటోలు వద్దు. ఎవరికీ చెప్పొద్దు."

"మీ కోచ్‌కైనా..."

"నాన్నా!"

30వ తేదీ, ఆదివారం

ఉదయం 6:00. టోపీ లేదు. పాత లుంగీ.

6:00 నుంచి 9:30 దాకా పలకలు, కంకర పక్కకి. షీటు చుట్టేశాను. చిల్లులు లెక్కపెట్టలేదు. పెట్టాలనిపించింది గానీ పెట్టలేదు.

10:00. పిట్ట ఒంటికాలి మీద కుంటుతూ వచ్చి మొదటి గడి గీసింది. మామయ్యగారు పుల్ల మీద ముక్కాలడుగు కొలిచి గాటు పెట్టి నా చేతికిచ్చి, ఇంకేమీ చెప్పకుండా నీడలో కూర్చున్నారు. నేను ఏమీ అడగకుండా ఉండలేకపోయాను.

"పార ఎలా పట్టాలండీ?"

చూపించారు. ఇన్నాళ్ళూ తప్పే.

1:00. జల్లెడ పట్టాను. బకెట్లో సగానికి తుంగగడ్డలు! ఒక్క గడిలో! నడుము నాది కాదు.

4:45. అయిపోయింది. మట్టి రవ్వలా ఉంది. చేత్తో చదునుచేశాను. ఒక్క గడి, యాభై ఐదింట్లో. ఇంత గర్వం నాకు షీటు పరిచిన రోజున కూడా లేదు. జేబులో ఫోను తడిమాను. వదిలేశాను.

5:10. పిట్ట వచ్చింది. మా ఆవిడ దాని భుజం పట్టుకుంది. పిట్ట కూర్చుని, ఒక మూలన మట్టిలోకి మణికట్టు దాకా చెయ్యి దించి, కళ్ళు మూసుకుని వెతికింది. ఏదో తగిలింది. తీసి నా అరచేతిలో పెట్టింది. గురివింద గింజంత ఉంది, ఒక కొసన తెల్లటి మొలకతో.

"ఒక్కటే కదమ్మా" అన్నాను.

మామయ్యగారు ఆకాశం వైపు చూశారు. ముగ్గురూ నేనింకా ఏమైనా మాట్లాడతానేమోనని ఆగారు.

మాట్లాడలేదు. పార తీసుకున్నాను.

5:15. మొదటి రోజు. మొదటి గడి. మొదట్నించి.